హెడ్‌లైట్ బల్బూ, హెచ్చెమ్ గారి ప్రార్థనా

రాకెట్టు ఎగరక పరువు పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. అది నిక్షేపంగా ఎగిరినందుకు పరువు పోగొట్టుకున్నది మాత్రం, నాకు తెలిసి, నేనొక్కదాన్నే. నాలుగేళ్ళ కిందట, రేపల్లెలో, మూడొందల మంది పిల్లల ముందు, పట్టపగలు జరిగిన ఘోరం ఇది. తప్పు రాకెట్టుది కాదు. బ్యాటరీది అసలే కాదు. ఎవరిదో కాసేపట్లో మీకే తెలుస్తుంది. తెలిశాక నా మొహం వైపు అలా చూడకండి, చాలు.

రేపల్లెలో ఒక మిషన్ బడిలో నేను సైన్సు టీచర్ని. అప్పటికి నాకు ముప్పై దాటి ఒక్క ఏడాది. ఆ వయసులో మనిషికి అన్నీ తెలుసన్న ధీమా ఉంటుంది. తెలియనివేమైనా ఉంటే ఫోన్లో దొరుకుతాయన్న ధీమా దానికి తోడు. ఆ రెండు ధీమాలతో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని పోగేసి రాకెట్ క్లబ్బని ఒకటి పెట్టాను. చార్టు కాగితం చుట్టి గొట్టం చేశాం. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి రెక్కలు అంటించాం. కిందికి దిగేటప్పుడు విచ్చుకోవడానికి ఎర్ర పాలిథిన్ సంచీతో గొడుగు. అంతా కలిపి మూరెడు పొడవు. దాన్ని పైకి తోసే మోటారు, అంటే మందు కూరిన బొటనవేలంత అట్టగొట్టం, మాత్రం పోస్టులో తెప్పించాలి. ఒక్కటే తెప్పించాం. అది రావడానికే నెల పట్టింది.

మా హెచ్చెమ్ శాంతకుమారి గారికి ఈ వ్యవహారం మొదటినుంచీ గిట్టలేదు. దానికి కారణం ఉంది. అంతకుముందు ఏడాది సైన్సు ప్రదర్శనలో మేం చేసిన అగ్నిపర్వతం స్టాఫ్ రూము కర్టెన్ని కాల్చింది. ఆ కర్టెన్ ఆవిడ దగ్గరుండి కుట్టించుకున్నది.

"సునీతా, ఇది ఎగురుద్దా, పేలుద్దా?" అని అడిగారు గొట్టాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూస్తూ.

"ఎగురుద్దండి."

"ఎగిరితే సంతోషం. పేలిందా, ఆ రోజుతో మీ క్లబ్బు మూత. మళ్ళీ నా దగ్గరకొచ్చి పిల్లలు ఏడుస్తున్నారండీ అని చెప్పొద్దు."

"అలాగేనండి" అన్నాను.

ఇక బ్యాటరీ సంగతి. రాకెట్టుని అగ్గిపుల్లతో వెలిగించకూడదు. పది మీటర్ల దూరంలో నిలబడి, తీగల గుండా కరెంటు పంపి, మోటారు లోపలికి దూర్చిన సన్నటి తీగని ఎర్రగా కాల్చాలి. ఆ తీగ మందుని అంటిస్తుంది. పనంతా ఒక్క సెకనే, కానీ ఆ సెకను కరెంటు దండిగా కావాలి. నేను మొదట గోడగడియారంలో వేసే బ్యాటరీలు నాలుగు వరసగా కట్టి చూశాను. తీగ గోరువెచ్చన కూడా కాలేదు. తర్వాత మా ఆయన నిద్రపోతుండగా ఆయన బండి బ్యాటరీ ఊడదీశాను. తీగ భేషుగ్గా ఎర్రబడింది. మర్నాడు పొద్దున మా ఆయన బండి తోసుకుంటూ రైల్వే గేటు దాకా వెళ్ళి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. నేను బ్యాటరీని బిగించడమైతే బిగించాను గానీ, రెండు తీగల్లో ఒకటి తగిలించడం మర్చిపోయాను.

"ఇంకోసారి నా బండి ముట్టుకున్నావంటే, ఆ రాకెట్టుకి నిన్నే కట్టి పంపిస్తా" అన్నాడు.

కొత్త బ్యాటరీ కొనే స్తోమత క్లబ్బుకి లేదు. అప్పుడు తెనాలిలో మా బావ గుర్తొచ్చాడు. మా అక్క మొగుడు ప్రభుదాసు బావకి స్ప్రేయర్లు బాగుచేసే కొట్టుంది. పొలాల్లో వీపుకి తగిలించుకుని మందు కొడతారే, ఆ బ్యాటరీ స్ప్రేయర్లు. ఆదివారం ఆరాధన అవగానే రైలెక్కి వెళ్ళాను.

"ఏంటి మరదలా, దారి తప్పావా?"

"బ్యాటరీ కావాలి బావా."

"స్ప్రేయర్ కొన్నావా? నీకు పొలమెక్కడుంది?"

"రాకెట్టుకి."

బావ చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "మీ అక్కకి తెలుసా?"

విషయమంతా చెప్పాను. బావ మూలనున్న పాత బ్యాటరీల గుట్టలో చెయ్యి పెట్టి ఒకటి లాగాడు. "చుండూరు రైతొకాయన మార్చేసి పోయాడు దీన్ని. అరెకరం కొట్టేసరికి చతికిలబడతందంట. పొద్దస్తమానం పని చెయ్యలేదు గానీ, ఒక్క సెకను గట్టిగా ఈడ్చమంటే ఈడుస్తది. ముసలెద్దు లాంటిది. దీనికి నువ్వేం ఇయ్యక్కర్లేదు, తీసకపో."

అంతటితో ఊరుకోలేదు. పెద్ద ఐస్‌క్రీం డబ్బా కడిగి తుడిచి, అందులో బ్యాటరీని కుదురుగా కూర్చోబెట్టాడు. మూతకి ఒక పాత స్కూటరు తాళం, ఒక కాలింగ్ బెల్ బటన్, స్ప్రేయర్ల మీద ఉండే ఆవగింజంత లైటు బిగించాడు. గంటలో పని అయిపోయింది. మన ముసలెద్దుకి అంత మంచి కొట్టం ఎప్పుడూ దొరికుండదు.

"చూడు మరదలా. తాళం తిప్పితే ఈ లైటు వెలుగుద్ది. అంటే తీగలన్నీ సరిగ్గా తగిలించినట్టు. అప్పుడు బటన్ నొక్కితే రాకెట్టు పోద్ది. ఒక్క మాట. ఈ లైటు మాత్రం మార్చమాక. దీంట్లోంచి కరెంటు..."

"బావా, నేను సైన్సు టీచర్ని. కరెంటు గురించి నాకు చెప్తావా?"

బావ మూత నొక్కి డబ్బా నా చేతిలో పెట్టాడు. "సరే తల్లీ" అని స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ఆ 'సరే తల్లీ' తర్వాత రావలసిన రెండు వాక్యాలు వినుంటే ఈ కథ మీకు చెప్పే పని ఉండేది కాదు.

తిరుగు రైల్లో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తీగలు బయటికి వేలాడుతున్నాయి. పక్కనున్న పెద్దావిడ కాసేపు వాటినే చూసింది.

"ఏంటమ్మా అది?"

"బ్యాటరీ అండి."

"ఆ తీగలెందుకు?"

"రాకెట్టు పేల్చడానికండి" అన్నాను. ఎగరెయ్యడానికి అనాల్సింది. వేమూరు వచ్చేసరికి బెంచీ మొత్తం నాదే అయింది.

ఇప్పుడు మీకు మా జకరయ్య మాస్టారి గురించి చెప్పాలి. బాపట్లలో నాకు ఎనిమిదో తరగతిలో సైన్సు చెప్పిన మనిషి. దారం మీద బూర ఊది వదిలి, రాకెట్టు ఇలాగే పోతుందర్రా అని చూపించాడు. బూర నేరుగా వెళ్ళి హెడ్‌మాస్టారి బట్టతలకి తగిలింది. ఆ రోజు ఆయన మాతో అన్నాడు, "ఎప్పటికైనా నిజం రాకెట్టు ఒకటి నా చేత్తో వదలాలర్రా" అని. నేను సైన్సు చదవడానికి ఆ మాటే కారణం. అది ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన గురించి ఇంకో సంగతి. పొద్దున ప్రార్థనలో ఎవరు కళ్ళు తెరిచారో ఆయనకి ఇట్టే తెలిసిపోయేది. ఆమెన్ అనగానే, "రెండో బెంచీ, సునీత, నిలబడు" అనేవాడు. ఇంచుమించు రోజూ నేనే. ఆయనకి ఎలా తెలిసేదో మాకు అర్థమయ్యేది కాదు. దేవుడు నేరుగా చెప్తాడని మా బెంచీ మొత్తం నమ్మేది.

ఆయనకి డెబ్బై అయిదేళ్ళని తెలిసి, ముఖ్య అతిథిగా పిలుద్దామని ఫోన్ చేశాను. "బటన్ మీరే నొక్కాలి మాస్టారూ" అన్నాను. అవతల కాగితం, పెన్నూ వెతుకుతున్న చప్పుడైంది. తర్వాత, "బస్సెన్నింటికమ్మా?" అన్నాడు.

ఎగరేసే రోజుకి రెండు రోజుల ముందు హెచ్చెమ్ గారికి రిహార్సల్ చూపించాను. మోటారు ఒక్కటే కాబట్టి అది పెట్టలేదు, దాని బదులు మామూలు లావు తీగముక్క తగిలించి తాళం తిప్పాను.

"లైటేది?" అన్నారు ఆవిడ.

"వెలిగిందండి."

"ఎక్కడ?"

నేను దోసిలితో నీడ పట్టాను. ఆవిడ వంగి, కళ్ళజోడు సర్దుకుని, ముక్కు డబ్బాకి ఆనేదాకా వచ్చి చూశారు. "నాకే కనపడకపోతే వెనక వరస పిల్లలకేం కనపడుద్ది? మాస్టారికి కంటి ఆపరేషన్ కూడా అయిందంటున్నారు. తాళం తిప్పగానే లైటు ధగధగా వెలగాలి, పిల్లలు చప్పట్లు కొట్టాలి, అప్పుడాయన బటన్ నొక్కాలి. అది కదా పద్ధతి! పెద్దది పెట్టండి."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ నచ్చింది. ఇంటికి వెళ్ళి, అటక మీదున్న పాత స్కూటరు హెడ్‌లైట్ బల్బు తీసి, ఆవగింజంత లైటు పీకేసి దాని చోట బిగించాను. తీగముక్కతో తాళం తిప్పి చూస్తే వంటిల్లంతా వెలుగు.

"మీ బావనొక మాట అడగకపోయావా?" అన్నాడు మా ఆయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"బల్బు మార్చడానికి కూడా పంచాయతీ పెట్టాలా?" అన్నాను.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో చదువు చెప్తే కూడా పోయింది.

ఆ రోజు రానే వచ్చింది. బడి గ్రౌండులో పిల్లలు వరసల్లో కూర్చున్నారు. దూరంగా ఇసక బకెట్లో నిలబెట్టిన కడ్డీకి రాకెట్టు, ఇటు టేబుల్ మీద ఐస్‌క్రీం డబ్బా. బాపట్ల బస్సు దిగి జకరయ్య మాస్టారు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. వచ్చీరాగానే, "ఏదమ్మా బటన్?" అన్నాడు.

చూపించాను. తాళం తిప్పలేదు కాబట్టి ఫర్వాలేదని, ఉత్తినే రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు.

"ఎంతసేపు నొక్కాలి?"

"ఒక్క సెకను మాస్టారూ."

"ఇన్నేళ్ళు ఆగాను, సెకను నొక్కలేనా?" అన్నాడు నవ్వుతూ. బొటనవేలిని ఇస్త్రీ చొక్కాకి తుడుచుకున్నాడు. అప్పటిదాకా క్లబ్బు మూతపడుతుందేమోనన్న భయం ఒక్కటే ఉంది నాకు. ఆ వేలు చూశాక, ఇది వెలక్కపోతే ఈయన ఏ మొహంతో బస్సెక్కుతాడన్న భయం కూడా పట్టుకుంది.

హెచ్చెమ్ గారు మైకు ముందుకి వచ్చి, "ప్రార్థన చేసుకుందాం, అందరూ కళ్ళు మూసుకోండి" అన్నారు. మూడొందల తలలు వంగాయి. ఆవిడ ప్రార్థన గురించి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, అది చిన్న విషయం కాదు. వర్షాలతో మొదలై, పదో తరగతి ఫలితాల మీదుగా, మధ్యాహ్న భోజనం వండేవారి ఆరోగ్యం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నెమ్మదిగా రాకెట్టు వైపు తిరుగుతుంది.

నేను టేబుల్ దగ్గర తల వంచుకు నిలబడ్డాను. గాలి వీస్తోంది. అక్కడ రాకెట్టు దగ్గర తీగల్ని పట్టుకున్న క్లిప్పులు ఊడాయేమోనని అనుమానం వచ్చింది. అనుమానం పెనుభూతం. అందరి ముందూ తాళం తిప్పాక బల్బు వెలక్కపోతే? ఇప్పుడైతే అందరి కళ్ళూ మూసుకునే ఉన్నాయి. ఒక్కసారి తాళం తిప్పి, బల్బు చూసి, మళ్ళీ ఆపేస్తే ఎవరికి తెలుస్తుంది? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడ్డం లేదనుకుంటుందట. నేను ఊరందరి కళ్ళూ మూయించి పాలు తాగబోయాను.

"...ప్రభువా, ఈ చిన్నబిడ్డలు తయారుచేసిన ఈ రాకెట్టును నీ చేతులకు అప్పగిస్తున్నాము..." అంటున్నారు హెచ్చెమ్ గారు.

నేను తాళం తిప్పాను.

బావ చెప్పబోయిన ఆ రెండు వాక్యాలు ఇవి: ఆవగింజంత లైటు గుండా కరెంటు చుక్కలుగా పోతుంది కాబట్టి మోటారులో తీగ కాలదు. హెడ్‌లైట్ బల్బు పెడితే కాలవ తూములు ఎత్తినట్టే, ఇక బటన్‌తో పనిలేదు.

బుస్సుమని ఒక చప్పుడైంది. వెయ్యి తాచుపాములు ఒక్కసారి బుసకొట్టినా అంత చప్పుడు రాదు. నాకు తెలిసింది అంతే. ఆ తర్వాత నేను టేబుల్ కింద ఉన్నాను, టేబుల్ మీది గుడ్డ నా నెత్తి మీద ఉంది. పైన, "ఆమెన్" అన్న మాట మామూలు కంటే తొందరగా వినిపించింది.

బయటికి వచ్చి చూస్తే ఇసక బకెట్టు, కడ్డీ, దాని చుట్టూ తెల్లటి పొగ. రాకెట్టు లేదు. ఆకాశంలోనూ లేదు. పిల్లలు మూడొందల మందీ తలలు వంచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, విగ్రహాల్లా కూర్చుని ఉన్నారు. మా బడి చరిత్రలో అంత భక్తి నేనెప్పుడూ చూడలేదు.

"పేలింది" అన్నారు హెచ్చెమ్ గారు.

"లేదండి, ఎగిరింది."

"మీరు చూశారా?"

నేను నెత్తి మీద గుడ్డ తీసి టేబుల్ మీద పరిచాను. "చూళ్ళేదండి. కానీ ముక్కలేం లేవు కదండీ."

"పొగుంది. చప్పుడైంది. వస్తువు లేదు. దీన్ని పేలడం అనకపోతే ఏమంటారు? ఎగిరింది చూసినవాళ్ళొక్కరు చెప్పమనండి, ఒప్పుకుంటా." మైకులోకి తిరిగి అడిగారు. "పిల్లలూ, ఎవరైనా చూశారా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. నాకు తెలుసు, వాళ్ళు చూశారు. ఎనిమిదో తరగతి పిల్లలు ప్రార్థనలో కళ్ళు మూసుకుంటారంటే, రెండో బెంచీ సునీత ఎలా నమ్ముతుంది? కానీ చూశానని చెప్పడమంటే, ప్రార్థనలో కళ్ళు తెరిచానని మైకు ముందు ఒప్పుకోవడమే. మా క్లబ్బు పిల్లలు పెదాలు కొరుక్కుంటున్నారు. క్లబ్బు కావాలి, వీపూ కావాలి. ఎటూ తేల్చుకోలేక చెప్పుల వైపు చూస్తున్నారు.

"అయితే క్లబ్బు..." అని మొదలుపెట్టారు హెచ్చెమ్ గారు.

"నేను చూశానమ్మా."

జకరయ్య మాస్టారు కుర్చీలోంచి లేచాడు. మైకు దగ్గరికి వచ్చి, దాన్ని తన ఎత్తుకి వంచుకున్నాడు. "మొదట్నుంచీ చూశాను. నిటారుగా లేచింది. కొంగ లేచినట్టు లేచింది. పైన ఎర్రగొడుగు విచ్చుకుంది. అదుగో, ఆ నీళ్ళ ట్యాంకు కుడిపక్కనుంచి పోయి దిగింది."

"కుడిపక్క కాదు మాస్టారూ, ఎడంపక్క" అన్నారు హెచ్చెమ్ గారు. "రెండు గుండ్రాలు కూడా తిరిగింది."

మైకు ఆన్‌లోనే ఉంది.

మొదట వెనక వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత చేతులు లేచాయి. ఒకటి, పది, అన్నీ. "టీచర్, నేనూ చూశా!" "మూడు గుండ్రాలండి!" "మా అన్నయ్య కూడా చూశాడండి!" గ్రౌండంతా కాకిగోల. హెచ్చెమ్ గారు పైట సర్దుకుని, "నేను ఆమెన్ అన్నాకే కళ్ళు తెరిచాను" అన్నారు. ఆవిడనెవరూ అడగలేదు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "పేలలేదుగా. క్లబ్బు ఉంచుకోండి" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. క్లబ్బు మిగిలినందుకు సంతోషమే. కానీ బటన్ నొక్కాల్సిన మనిషి ఉత్త బటన్ పక్కన నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, క్షమించండి. మీ చేత నొక్కించాలని పిలిచాను. నా తెలివితక్కువతనం వల్ల..."

"పోనీలేవే. నేనే నొక్కుతుంటే బటన్ వైపు చూస్తుండేవాణ్ణి. ఇది పైకి లేవడం చూసేవాణ్ణా?" అన్నాడు. ఆయన కళ్ళు ఇంకా నీళ్ళ ట్యాంకు వైపే ఉన్నాయి, కుడిపక్కకే. "అదిసరే, విచ్చుకునేటప్పుడు టప్పుమని చిన్న పొగ వచ్చింది, చూశావా?"

నేను తల వంచుకున్నాను.

"చూళ్ళేదా?"

"లేదు మాస్టారూ. భయంతో కళ్ళు మూసుకున్నా."

"మొత్తానికా?"

"ఆమెన్ దాకా."

మాస్టారు నన్ను ఎగాదిగా చూశాడు. ఎనిమిదో తరగతిలో నిలబడు అనేముందు చూసినట్టే చూశాడు. "ఏడాది పొడుగునా రోజూ చెప్పాను గదే, ప్రార్థనలో కళ్ళు మూసుకోవే, మూసుకోవే అని! ఇన్నేళ్ళకి ఇవాళే దొరికిందా నీకు?"

కాబట్టి, ఈ ఐస్‌క్రీం డబ్బా మీద ఎడమచెయ్యి వేసి, కుడిచెయ్యి పైకెత్తి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆవగింజంత లైటుని ఆవగింజంతగానే ఉంచుతాను. బావ నోరు తెరిస్తే, ఆయన ముగించేదాకా నేను నోరు తెరవను. ఎవరు ప్రార్థన చేస్తున్నా తాళం జోలికి పోను. ఇక కళ్ళంటారా, ఎవరు నిలబడమన్నా సరే, మళ్ళీ జన్మలో మూసుకోను.